పండగ వెళ్లాక చేరిన పార్శిల్: డబ్బులు వెనక్కి వస్తాయా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి సంక్రాంతికని అరిసెలు, సున్నుండలు, గోంగూర పచ్చడి, మనవరాలికి పట్టులంగా కలిపి ఎనిమిది కిలోల పెట్టె పంపించాను. 7,200 రూపాయలు తీసుకున్నారు. "వారం తిరక్కుండా ఇంటికి చేరుతుందమ్మా" అన్నాడు కొరియర్ షాపు అబ్బాయి. భోగి వెళ్లింది, కనుమ వెళ్లింది, ముక్కనుమ కూడా అయిపోయింది. పెట్టె జనవరి 27న ఇచ్చారు. పచ్చడి నూనె కారి లంగా అంచంతా మరకలు. అడిగితే "ఆలస్యానికి రీఫండ్ లేదు, రసీదు వెనకాల రాసుంది చూసుకోండి" అంటున్నారు. కేసు వేస్తే మొత్తం వస్తుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొత్తం అంటే ఏ మొత్తమమ్మా? పిండివంటల ఖర్చు, లంగా ధర, పండగపూట పిల్ల దాన్ని కట్టుకోలేదన్న బాధ, అన్నీ కలిపి లక్ష రూపాయలు అడుగుదామని మీకు ఎవరైనా చెప్పుంటే వినకండి. షిప్పింగ్ చార్జీ మీద నిలబడండి, అక్కడ మీకు బలం ఉంది.

రసీదు వెనక ఉన్న చీమ తలకాయంత అక్షరాలు ఉత్తివి కావు. 1990లో భారతీ నిట్టింగ్ కంపెనీ అనే ఎగుమతి సంస్థ జర్మనీకి సరుకు పంపి, దాని కాగితాలు కొరియర్‌లో వేసింది. అవి చేరలేదు. నకళ్లు అందేసరికి అక్కడ సీజన్ అయిపోయింది, కొన్నవాళ్లు ధర తగ్గించేశారు. రాష్ట్ర వినియోగదారుల కమిషన్ 4 లక్షల పైచిలుకు ఇమ్మంది. 1996లో సుప్రీంకోర్టు చివరికి ఖాయం చేసింది 100 డాలర్లే. రసీదులో రాసుకున్న పరిమితి అంతే, దాని కింద సంతకం ఉంది కాబట్టి కట్టుబడాలి అంది.

అందుకే ముందు మీ రసీదు తీసి చూడండి. మీ సంతకం ఉందా? షరతులున్న కాగితం మీ చేతికి ఇచ్చారా, లేక డబ్బు కట్టాక చిన్న స్లిప్పు చింపి ఇచ్చారా? షరతులు మీకు చూపించనే లేదంటే మీ వాదన వేరుగా ఉంటుంది. "వారంలో" అన్న మాట వాట్సాప్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. షాపు ముందు "సంక్రాంతి లోపు గ్యారంటీ" అని ఫ్లెక్సీ ఉంటే ఇవాళే ఫోటో తీసుకోండి, రేపటికి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. "అమెరికాకు పార్శిల్స్" అని బోర్డు పెట్టిన షాపుల్లో చాలావాటికి విమానం మాట అటుంచి, సొంత వ్యాను కూడా ఉండదు. పెట్టె తూచి, కట్టి, హైదరాబాద్ పంపి, అక్కడ పెద్ద కంపెనీకి అప్పగిస్తారు. అలాంటప్పుడు మీ పెట్టెకు రెండు నంబర్లు ఉంటాయి: షాపు వాళ్లది ఒకటి, పెద్ద కంపెనీది ఒకటి. రెండోది అడిగి తీసుకుని ట్రాకింగ్ చూడండి. మీరు బుక్ చేసిన తేదీకీ, పెద్ద కంపెనీ చేతిలో పడ్డ తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయి? పండగ రద్దీలో పెట్టెలు పోగయ్యేదాకా గోదాములో ఉంచడం మామూలే. ఆ రోజులకు షాపే జవాబు చెప్పాలి. ఆ పేజీని ప్రింట్ తీసుకోండి.

పెట్టె అమెరికా కస్టమ్స్ దగ్గర ఆగి ఉంటే మాత్రం షాపువాళ్ల మాట నెగ్గే అవకాశం ఎక్కువ. అక్కడి నియమం ప్రకారం ఇంట్లో వండి సొంతవాళ్లకు కానుకగా పంపే తిండికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందస్తు నోటీసు అక్కర్లేదు, కొట్లో కొన్న మిఠాయికి అయితే కావాలి. మీ అరిసెలను పెట్టెలోని వస్తువుల జాబితాలో షాపువాడు ఏమని రాశాడో కూడా చూడండి.

లంగా సంగతి ఆలస్యంతో కలపకండి. ప్యాకింగ్ వాళ్లే చేసి దానికి విడిగా డబ్బు తీసుకుంటే అది విడిగా అడగాల్సిన నష్టం. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చే ముందే మరకలకూ, పెట్టె మీది లేబుల్‌కూ ఫోటోలు తీయమని అమ్మాయికి చెప్పండి.

షాపు యజమానికి ఉత్తరం రాసి పదిహేను రోజులు గడువివ్వండి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే చోటే వేయొచ్చు, మీరు సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. ఈలోగా సగం ఇస్తామని వస్తే? నేనైతే తీసుకోమంటాను. మూడు వేల ఆరువందల కోసం వాయిదాలకు తిరిగే ఓపిక మీకుందో లేదో మీకే తెలియాలి.

ప్రశ్న: ముంబైలో ఉన్న మా అక్కకు స్పీడ్ పోస్టులో చీర పంపితే సద్దుల బతుకమ్మ అయినంక చేరింది. పోస్టాఫీసు వాళ్లు ఏమన్నా ఇస్తరా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇస్తారు, కానీ చీర ధర కాదండీ. స్పీడ్ పోస్టులో ప్రతి మార్గానికీ ఇన్ని రోజులని ఒక గడువు ఉంటుంది. అది దాటితే మీరు కట్టిన స్పీడ్ పోస్టు చార్జీ తిరిగి అడగొచ్చు. అసలు పోయి ఉంటే చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. రసీదు మీద పదమూడు అక్షరాల నంబరుంటుంది, దానితో తపాలా శాఖ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ఖరీదైన చీరకు ఇన్సూరెన్స్ విడిగా చేయించాలి, కౌంటర్లో అడిగితేగానీ చెప్పరు.

ప్రశ్న: మేడమ్, క్రిస్మస్‌కి మేనల్లుడికి ఆన్‌లైన్లో కొన్న బొమ్మ 29న వచ్చింది. నేను పోస్టులో పంపిన ఇంకో పార్శిల్ కూడా లేటే. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: పోస్టులో పంపింది అమెరికా తపాలా శాఖ వారి ప్రయారిటీ మెయిల్ అయితే వదిలేయండి, అందులో రాసిన రోజులు అంచనా మాత్రమే. డబ్బు వాపసు హామీ ఉన్నది ప్రయారిటీ మెయిల్ ఎక్స్‌ప్రెస్‌కి. పంపిన 30 రోజుల్లోగా అడగాలి. క్రిస్మస్ ముందు రోజుల్లో ఆ హామీనీ సడలిస్తారు.

బొమ్మ విషయంలో కొరియర్ వెంట పడకండి. వాళ్లకు డబ్బు కట్టింది దుకాణం, మీరు కట్టింది దుకాణానికి. 2013 క్రిస్మస్‌కి పార్శిళ్లు పోటెత్తి యూపీఎస్, ఫెడెక్స్ చేతులెత్తేసినప్పుడు అమెజాన్ తన కస్టమర్లకు షిప్పింగ్ చార్జీ వాపసిచ్చి, 20 డాలర్ల గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చింది. చట్టం అడిగి ఇచ్చింది కాదు, మొహమాటానికి ఇచ్చింది. మీరూ చాట్‌లోకి వెళ్లి, "24 లోపు" అని చూపించిన స్క్రీన్‌షాట్ ముందు పెట్టి, ముందుగా షిప్పింగ్ చార్జీ అడగండి.