స్టీరింగ్ లూజని తెలిసే కొన్నారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర ఊరు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో విజయనగరంలో ఒక ఆటో కన్సల్టెన్సీ నుంచి 2.6 లక్షలకు పాత కారు కొన్నాను. ట్రయల్‌లోనే స్టీరింగ్ లూజుగా ఉందని అడిగితే, 'అలైన్‌మెంట్ చేయిస్తే పోతుంది' అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టారు. పోలేదు. 19 నెలలుగా రేపు మాపు అంటున్నారు. స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే ర్యాక్ అరిగిపోయిందట. నాన్న ముఖం చూడలేకపోతున్నాను. ఎవరికీ చెప్పకుండా అమ్మేయమంటున్నారు స్నేహితులు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే కేసు నడిచేది మీ నాన్నగారి బాధ మీద కాదు, ఆ వాయిస్ మెసేజ్ మీద. లోపం కొనకముందే మీకు తెలిసింది. చూసి కొన్న వస్తువులో, ఆ పరీక్షలో కనబడాల్సిన లోపానికి అమ్మినవాడిని తప్పుపట్టలేమని 1930 వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. కాబట్టి 'దాచి అమ్మారు' అనకండి, ఓడిపోతారు. 'అడిగితే అబద్ధం చెప్పి అమ్మారు' అనండి. అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైర్లు అరుగుతాయి. అంతేగానీ, దానివల్ల చక్రం కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరగడం జరగదు. అలా తిరిగితే అది టై రాడ్ ఎండ్‌లోనో (ర్యాక్‌ని చక్రానికి కలిపే కీలు), ర్యాక్‌లోనో, జాయింట్లలోనో వచ్చే అరుగుదల. రోజూ బండ్లు అమ్మేవాళ్లకి ఇది తెలియదంటే నమ్మడం కష్టం.

ఆ మెసేజ్‌తో ఇంకో మేలుంది. 19 నెలలు మీరే నడిపి అరగగొట్టారని వాళ్లు వాదిస్తారు. అమ్మిన రోజుకే లూజు ఉందని చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 ప్రకారం ఆ మెసేజ్‌కి ఎలక్ట్రానిక్ సాక్ష్యపు సర్టిఫికెట్ జతచేయాలి.

ట్రయల్ రోజే ముందు చక్రం జాకీతో లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపించి ఉంటే లూజు ఎక్కడుందో తేలేది. తీరా కొన్నాక 19 నెలలు నోటిమాటలతో గడపడం పెద్ద అజాగ్రత్త. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 కింద గడువు రెండేళ్లే. వాళ్లు 'రేపు' అన్నంత మాత్రాన అది ఆగదు. మీకు మిగిలింది ఐదు నెలలు.

చెప్పకుండా అమ్మే ఆలోచన ఈరోజే మానేయండి. అమ్మితే ఆ కన్సల్టెన్సీ స్థానంలో మీరుంటారు, మోసం కేసు మీ మీద పడుతుంది. హైవే మీద ఎవరి ప్రాణమైనా పోతే?

కారు రోడ్డెక్కించకండి. ర్యాక్ ఇప్పుడే విప్పించకండి. తనిఖీ తేదీ చెబుతూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసివ్వండి. వాళ్లు రాకపోయినా, అధీకృత సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు ఖాళీగా తిరుగుతోందో అందులో రాయించండి. కేంద్ర మోటారు వాహనాల నియమం 98 ప్రకారం అది 30 డిగ్రీలు మించకూడదు. ఆ తర్వాతే మార్పించండి, పాత ర్యాక్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఫిర్యాదు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కొన్నవాళ్లు ఉండే చోట వేసే వీలు చట్టంలో ఉంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. 'మేం మధ్యవర్తులమే' అంటారు కనుక రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి పాత ఓనర్‌ని కూడా ప్రతివాదిగా చేర్చండి. ఇన్నాళ్లు వాడారు కాబట్టి కారు మొత్తం ధర కంటే మరమ్మతు ఖర్చు, నష్టపరిహారం అడగడమే మీకు బలం.