ఇప్పుడు కొనాలా, కొత్త మోడల్ దాకా ఆగాలా: మేనకోడలికి ఉత్తరం (2025 డిసెంబరు)

చిన్నీ,

లాప్‌టాప్ ఇప్పుడే కొననా, కొత్త మోడల్ దాకా ఆగనా అని ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినప్పుడే "కొనెయ్యమ్మా" అని ఒక్క మాటలో చెప్పేసి ఉండొచ్చు. కానీ అలా చెప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు నువ్వు వాడుతున్న లాప్‌టాప్‌ను 2017లో మీ అన్నయ్యకు దగ్గరుండి కొనిపించింది నేనే. ఆ కొనడంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. ముందు అది చెప్పి, తర్వాత నీ సంగతికి వస్తాను.

అప్పుడు జూలై నెల, ఆషాఢం ఆఫర్లు నడుస్తున్నాయి. షోరూమ్ వాళ్లు మూడు వేలు తగ్గించి, ఒక బ్యాగ్ ఇస్తామన్నారు. మీ అన్నయ్య పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఉన్నాడు. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి వాడికి లాప్‌టాప్ అంత తొందరేమీ లేదు. అయినా ఆఫర్ పోతుందేమోనని కొనిపించాను. దాంట్లో ఉన్నది ఇంటెల్ ఏడో జనరేషన్ ఐ5 ప్రాసెసర్. ఆగస్టు 21న ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ ప్రకటించింది. అప్పటిదాకా ఆ రకం పల్చటి లాప్‌టాప్‌ల ఐ5లో రెండు కోర్లే ఉండేవి, అందులో నాలుగు వచ్చాయి. అంటే పని చేసే చేతులు రెట్టింపు అయ్యాయన్నమాట.

అసలు దెబ్బ నాలుగేళ్ల తర్వాత తగిలింది. 2021లో వచ్చిన విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, ఆ పైవాటినే తీసుకున్నారు. ఏడో జనరేషన్ మిషన్లు, ఏదో ఒకటీ అరా తప్ప, గడప అవతలే ఉండిపోయాయి. మొన్న 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. నీ స్క్రీన్ మీద వస్తున్న ఆ హెచ్చరిక అదే. ఆ రోజు నేను రెండు మూడు నెలలు ఓపిక పట్టి ఉంటే, ఆ డబ్బుకే వచ్చిన మిషన్ నీకు ఇంకా కొన్నేళ్లు పనికొచ్చేది. ఇది నా మనసులో ఉంది కాబట్టే "ఆగొద్దు" అనే మాట నా నోట తేలిగ్గా రాదు.

అయినా చెబుతున్నాను, ఈసారి ఆగకు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు మీ అన్నయ్యకు చేతిలో వేరే దారి ఉంది. నీకు లేదు. పాతదాని మీద పని సాగక, దసరా నుంచి నీ రూమ్మేట్ పడుకున్నాక, రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి లాప్‌టాప్ తీసుకుని ల్యాబ్ ప్రోగ్రాములు రాసుకుంటున్నానని నువ్వే చెప్పావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మూడు నెలలు! ఆ మూడు నెలల్లో నువ్వు మామూలుగా సాయంత్రం పూట కూర్చుని, తప్పులు చేసి, వాటిని దిద్దుకుని నేర్చుకోవాల్సింది ఎంత ఉంటుందో నాకు తెలుసు. ప్రోగ్రామింగ్ అనేది సమయం చూసుకుని రాసేది కాదు, మధ్యాహ్నం మెస్‌లో తింటుంటే ఒక ఆలోచన వస్తుంది, వెంటనే వచ్చి రాసి చూడాలి. ఇంకొకళ్ల మిషన్ మీద అది కుదరదు. జనవరి నుంచి మినీ ప్రాజెక్టు కూడా ఉందన్నావు. కొత్త మోడల్‌లో నీకు మిగిలే పది ఇరవై సెకన్ల వేగాన్ని, ఈ మూడు నెలలను పక్కపక్కన పెట్టి చూడు.

మీ నాన్న "ఆగితే తగ్గుతుంది" అంటున్నారట. బావ మాటను తీసిపారేయను, మా కాలానికి అది నిజం. 1993లో ఇంటెల్ మొదటి పెంటియం ప్రాసెసర్ 60, 66 మెగాహెర్ట్జ్ వేగంతో వచ్చింది. 2000 మార్చికల్లా పెంటియం త్రీ 1000 మెగాహెర్ట్జ్‌కు చేరింది. ఏడేళ్లలో పదిహేను రెట్లు. హన్మకొండలో షాపు పెట్టిన కొత్తలో నేనే కస్టమర్లకు "రెండు నెలలు ఆగి రండి సార్" అని చెప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు ఏటా వచ్చే తేడా అంత ఉండదు. మామూలు కోడింగ్ పనికి నిరుటి మోడల్‌కూ ఈ ఏటి మోడల్‌కూ తేడా చేత్తో పట్టుకుని చూపించలేను.

ఇక ధర. ధర ఎప్పుడూ కిందికే వెళ్తుందని నేనూ నమ్మాను, 2011 దాకా. ఆ ఏడాది దసరాకు షాపులో హార్డ్ డిస్కులు అయిపోవచ్చాయి. దీపావళి తర్వాత ఎలాగూ తగ్గుతాయిలే అని కొద్దిగానే తెచ్చాను. అక్టోబరులో థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చాయి. ప్రపంచానికి కావాల్సిన హార్డ్ డిస్కుల్లో పెద్ద భాగం అక్కడే తయారయ్యేది, ఆ ఫ్యాక్టరీల్లో కొన్ని నీళ్లలో మునిగాయి. కొద్ది వారాల్లోనే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ధర రెట్టింపు చెప్పారు. అప్పటికే అడ్వాన్స్ తీసుకున్న ఆర్డర్లకు నేను నష్టానికే బిగించి ఇచ్చాను. ఎక్కడో పదిహేను వందల మైళ్ల అవతల వాన పడితే హన్మకొండలో కంప్యూటర్ ధర పెరుగుతుందని ఆ రోజు తెలిసొచ్చింది.

ఇప్పుడు సరిగ్గా అదే ర్యామ్‌తో, అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీతో, జరుగుతోంది. ఈసారి వరద కాదు, ఏఐ. ఆ పెద్ద పెద్ద డేటా సెంటర్ల సర్వర్లకు మెమరీ విపరీతంగా కావాలి. ప్రపంచంలో మెమరీ చిప్పుల్లో చాలా భాగం చేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. వాళ్లు ఎక్కువ లాభం వచ్చే సర్వర్ల వైపు తిరిగారు. సెప్టెంబరులో ఉన్న ర్యామ్ ధర ఇప్పుడు రెట్టింపు దాటింది. 2025 డిసెంబరు 3న మైక్రాన్ అయితే, మనలాంటి వాళ్లకు అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. నా షాపులో ఏళ్ల తరబడి అమ్మిన సరుకది, చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. పాత ధరకు కొన్న ర్యామ్‌తో తయారైన లాప్‌టాప్‌లు ఇంకా షాపుల్లో ఉన్నాయి. అవి అయిపోయాక వచ్చేవి కొత్త ధరకు కొన్న ర్యామ్‌తో వస్తాయి. మామూలు ఏడాదైతే "జనవరి చివరిదాకా ఆగు, పాత మోడల్ తగ్గుతుంది, రిపబ్లిక్ డే సేల్‌లో కొను" అనే చెప్పేవాణ్ణి. ఈ ఏడాది ఆ లెక్క పనిచేయదు. సెప్టెంబరులో జీఎస్టీ తగ్గింది కదా అని కూడా అనుకోకండి, ఎలక్ట్రానిక్స్‌లో తగ్గింది ఏసీలూ పెద్ద టీవీల్లాంటి వాటికి. లాప్‌టాప్‌కు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే.

జనవరిలో లాస్ వెగాస్ ప్రదర్శనలో కొత్త ప్రాసెసర్లు వస్తాయన్నావు. వస్తాయి, ఏటా వస్తాయి. అయితే అవి ముందుగా లక్ష దాటిన మోడళ్లలో దిగుతాయి. నీ అరవై ఐదు వేల లోపు వాటిలోకి రావడానికి చాలా నెలలు పడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఈ ధరల్లో "కొత్త నంబరు" అంటే కొత్త చిప్ అని కాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో 7తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లు చూడు, వాటిలో మూడో అంకె అసలు వయసు చెబుతుంది. 7520యు అంటే మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. 7535హెచ్ఎస్‌లో 3, 7640హెచ్ఎస్‌లో 4, ఆ అంకె పెరిగేకొద్దీ డిజైన్ కొత్తదన్నమాట. షోరూమ్‌లో అన్నిటికీ "లేటెస్ట్ సిరీస్" అనే చెబుతారు. 7520యు మాత్రం తీసుకోకు, ఎంత తగ్గించినా సరే.

నీ డబ్బులో ఐ5-13420హెచ్ గానీ రైజెన్ 5 7535హెచ్ఎస్ గానీ చూద్దాం. రెండూ పాతబడ్డ మోడళ్లే, నీ పనికి బాగా సరిపోతాయి. ప్రాసెసర్ కంటే ర్యామ్ గురించి పట్టుబట్టు. 16 జీబీ ఉండాలి. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్ కలిపి తెరిస్తే 8 జీబీ నిమిషంలో నిండిపోతుంది. "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత వేయించుకుందాం" అనే మాట ఇన్నాళ్లూ నేనే చెప్పేవాణ్ణి, ఈ ధరల్లో వద్దు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్ ఉందా అనేది కూడా అడగాలి. అతికించి ఉంటే కొన్నదే కడదాకా. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు కోసం పాతిక వేలు ఎక్కువ పెట్టొద్దు. మెషిన్ లెర్నింగ్ అభ్యాసానికి ఆన్‌లైన్‌లో గూగుల్ కొలాబ్ ఉచితంగా ఇచ్చే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ప్రస్తుతానికి చాలు. స్క్రీన్ ఐపీఎస్ రకం (ఏ పక్క నుంచి చూసినా రంగులు చెదరనిది) అయితే మంచిది, నీకు ఇప్పటికే కళ్లజోడు ఉంది.

ఆగాల్సిన సందర్భాలు అసలు లేవని అనను. తేదీతో సహా ప్రకటన వచ్చి, మారేది పేరు కాకుండా లోపలి డిజైనే అయి, అంతవరకు పని జరగడానికి చేతిలో ఒక మిషన్ ఉంటే ఆగాలి. 2020 జూన్‌లో యాపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత చిప్పులకు మారుతున్నామని చెప్పింది, నవంబరులో వాటిలో మొదటిది, ఎం1 వచ్చింది. ఆ ఐదు నెలలు ఆగినవాళ్లు బాగుపడ్డారు. ఈసారి నీ ముందు అలాంటిదేమీ లేదు. ఉన్నది ఒక ప్రదర్శన, నీ చేతికి అందని ధరలు, ఫ్రెండ్స్ గ్రూపులో వచ్చే పుకార్లు.

కొనేదాకా ఆ పాతదాన్ని అలా వదిలేయకు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్లి, అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకో. 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. తర్వాత దాంట్లో హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించి మీ అమ్మకు ఇద్దాం. ఆమె చూసే వంటల వీడియోలకు అది ఇంకా నాలుగేళ్లు పనిచేస్తుంది.

వచ్చే శనివారం నేను కాజీపేటలో పొద్దున బండెక్కి సికింద్రాబాద్ వస్తాను. పదకొండింటికి సీటీసీ మెట్ల దగ్గర ఉండు. ఆన్‌లైన్‌లో నువ్వు చూసుకున్న ధరలు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచు, అడగడానికి పనికొస్తాయి. బిల్లు నీ పేరు మీదే తీసుకుందాం, పెట్టె అక్కడే విప్పి, స్క్రీన్ మీద చుక్కలు లేవని చూసి, వారంటీ తేదీ కంపెనీ సైట్‌లో సరిచూసుకునే బయటికి వద్దాం. మీ నాన్న చిట్టీ పాడుకుంటానన్నారట, వద్దని నేను ఫోన్ చేసి చెబుతాను. తక్కువ పడ్డది నేను పెడతాను, 2017 లెక్క నా వైపు ఇంకా బాకీ ఉంది.

పాత లాప్‌టాప్, దాని చార్జరు రెండూ తీసుకురా. బ్యాటరీ అరగంట కూడా నిలబడదు, నీ ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాలంటే రెండు గంటలైనా పడుతుంది.

మీ పెద్దమామయ్య