తొమ్మిదేళ్ల తర్వాత ఇంటికొచ్చిన అన్నయ్య: చేతిలోని 64 వేలు ఎలా వాడాలి?

ప్రశ్న: మా అన్నయ్య తొమ్మిదేళ్ల శిక్ష ముగించుకుని చర్లపల్లి జైలు నుంచి వచ్చాడు. లోపల చేసిన పనికి కూలీ 64 వేలు ఇచ్చారు. టిఫిన్ బండి పెడతానంటున్నాడు. పాత బ్యాంకు ఖాతా పనిచేయడం లేదు. అప్పటి బైక్ లోను బాకీ అలాగే ఉంది. ఏం చేయాలి? – ఒక సోదరి, వరంగల్

జవాబు: బండి ఆలోచన మంచిదే. కానీ 64 వేలూ దాని మీదే పెట్టనివ్వకండి. గిరాకీ కుదిరేలోపు ఇల్లు గడవకపోతే రోజువారీ ఫైనాన్స్ తప్పదు. 10 వేల అప్పుకి 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. ఏడాది లెక్కన ఆ వడ్డీ నూటికి నూరు దాటుతుంది.

అన్నిటికన్నా ముందు ఆయన పేరు మీద కొత్త సిమ్ తీసుకోండి. పాత నంబరు ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు, బ్యాంకు ఓటీపీలు వాళ్లకే పోతాయి. తర్వాత ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు ఎక్కించి, వేలిముద్రలు, కంటిపాప, ఫొటో కొత్తగా తీయించండి. మగ్గం, వడ్రంగం పనుల్లో వేళ్లు అరిగినవాళ్లకు ముద్ర పడదు. అప్పుడు కంటిపాపతో చూడమని అడగండి.

ఇక బ్యాంకు. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే ఖాతా ఆగిపోతుంది. పదేళ్లు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అప్పుడూ తిరిగి వస్తుంది గానీ తిరుగుడు ఎక్కువ, కాబట్టి ఈ వారమే వెళ్లండి. ఆధార్, పాన్‌తో కేవైసీ ఇస్తే చాలు, జైలు కాగితం చూపించక్కర్లేదు. ఖాతా తిరిగి తెరవడానికి రుసుము, కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. కోసుకుంటే రాతపూర్వకంగా అడగండి. డబ్బు మాత్రం ఆయన ఖాతాలోనే ఉండాలి, మీ ఖాతాలో వద్దు. రేపు లోను అడిగినప్పుడు బ్యాంకు చూసేది ఆయన లావాదేవీలే. పైగా తొమ్మిదేళ్లుగా తన డబ్బు తన చేతిలో లేని మనిషి.

నేనైతే 30 వేలు మూడు నెలల ఇంటి ఖర్చుకు పక్కన పెడతాను. 22 వేలు సెకండ్ హ్యాండ్ బండి, పొయ్యి, గిన్నెలకు. ఇంటి సిలిండరు బండి మీద వాడకూడదు, కమర్షియల్‌దే తీసుకోవాలి. మున్సిపాలిటీ నుంచి వీధి వ్యాపారి గుర్తింపు కార్డు గానీ సిఫారసు లేఖ గానీ వస్తే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం కింద హామీ లేకుండా మొదటి విడత 15 వేల వరకు అప్పు ఇస్తారు. ఈలోగా జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో పని అడిగి చూడండి, విడుదలైనవారినీ తీసుకుంటున్నారు.

మిగిలిన 12 వేలు బైక్ బాకీకి. బైక్‌ను జప్తు చేసి అమ్మి ఉంటే, ఆ సొమ్ము లోనులో జమ అయిందో లేదో స్టేట్‌మెంట్‌లో చూడండి. ఎంత కడితే బాకీ తీరుతుందో రాసిన సెటిల్‌మెంట్ లేఖ చేతికొచ్చాకే కట్టండి, అదీ లోను ఖాతాకే. ఏజెంటు ఫోన్‌పేకి వద్దు. అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. అందులో ‘సెటిల్డ్’ (బాకీ తగ్గించుకుని కట్టారు) అని పడితే కొత్త లోను కష్టమవుతుంది, ‘క్లోజ్డ్’ అని పడాలి. అందుకు అసలు పూర్తిగా కట్టి, వడ్డీ, జరిమానాలు తగ్గిస్తే ఖాతాను ‘క్లోజ్డ్’గా చూపిస్తారా అని ముందే అడగండి. ఒప్పుకుంటే ఆ మాట లేఖలో రాయించుకోండి.