ఏడేళ్ల బాబుకు పై పన్ను కింది పళ్ల వెనక్కి పోతోంది: ఇప్పుడే ప్లేట్ వేయించాలా, 12 ఏళ్ల దాకా ఆగాలా?

మీరు కనిగిరి నుంచి రాసినదాంట్లో రెండు సంగతులు కలిసిపోయాయి. బాబు పళ్లు కరిస్తే పై ముందుపన్ను ఒకటి కింది పళ్ల వెనక్కి పోతోంది. పై ముందుపళ్ల మధ్య సందు కూడా ఉంది. ఒక డాక్టరు అన్ని పళ్లూ వచ్చాక క్లిప్పులు వేద్దామన్నారు, ఇంకొకరు ఇప్పుడే అంగిలికి పెట్టుకునే ప్లేట్ వేద్దామన్నారు. సందు వరకైతే మొదటాయన చెప్పినట్టు ఆగొచ్చు. వెనక్కి పోయిన పన్నుకు మాత్రం ఆగకండి.

దాన్ని క్రాస్‌బైట్ అంటారు. నమిలినప్పుడల్లా ఆ పై పన్ను ఎదురుగా ఉన్న కింది పన్నును ముందుకు నెడుతుంది. కొన్నాళ్లకు కింది పన్ను ముందున్న చిగురు కిందికి జారుతుంది, రెండు పళ్ల అంచులూ అరుగుతాయి. అడ్డొచ్చే పన్నును తప్పించుకోవడానికి పిల్లాడు దవడను ముందుకో పక్కకో జరిపి కరవడం అలవాటు చేసుకుంటాడు. పెరిగే వయసులో ఈ అలవాటు మంచిది కాదు.

ఇంట్లోనే ఒకటి చూడండి. నాలుక కొసను అంగిలి మీద వీలైనంత వెనక్కి పెట్టి, మెల్లగా నోరు మూయమనండి. ముందుపళ్ల అంచులు ఒకదానికొకటి తగిలి, ఆ తర్వాత దవడ ముందుకు జారితే చాలావరకు అది పన్ను వంకరే, తేలిగ్గా సర్దుకుంటుంది. అంచులు అసలు కలవకుండా కింది వరుస మొత్తం ముందే ఉండిపోతే, పైగా ఇంట్లో నాన్నకో మేనమామకో గడ్డం ముందుకు ఉంటే, దవడ ఎముక సంగతి అనుకోవాలి. దానికి ప్లేట్ చాలదు. పై దవడను ముందుకు లాగడానికి ముఖానికి తగిలించే ఫేస్‌మాస్క్ రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టాలి. అది 8, 9 ఏళ్ల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అంతా చేసినా మగపిల్లల్లో 17, 18 ఏళ్ల దాకా కింది దవడ పెరుగుతూనే ఉంటుంది, మళ్లీ ముందుకు రావచ్చు. ఈ మాట ముందే చెప్పే డాక్టర్ని నమ్మొచ్చు.

ఒక్క పన్నే వంకరైతే తీసి పెట్టుకునే ప్లేట్ చాలు. ఆ పన్ను వెనకాల జెడ్ ఆకారంలో చిన్న స్ప్రింగు ఉంటుంది. ప్లేట్‌లోనే దవడ పళ్ల మీదికి పల్చటి మెట్టు కడతారు. ముందుపళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు విడిపోతేనే పై పన్నుకు దాటడానికి దారి దొరుకుతుంది. రెండు మూడు వారాలకోసారి స్ప్రింగు కాస్త తెరుస్తారు. మామూలుగా రెండు మూడు నెలల్లో పన్ను దాటుతుంది. దాటాక కింది పన్నే దాన్ని వెనక్కి రాకుండా పట్టి ఉంచుతుంది.

ఈ వైద్యం దెబ్బతినేది ఎక్కువగా అన్నం దగ్గరే. తినేటప్పుడు ప్లేట్ తీసేస్తే, స్ప్రింగు తోసిన పన్నును కింది పన్ను మళ్లీ వెనక్కి కొడుతుంది. పన్ను కదులుతుంది, నొప్పెడుతుంది, దాటదు. కాబట్టి బ్రష్ చేసేటప్పుడు తప్ప తీయకూడదు. మొదటి వారం మాట తడబడుతుంది, నోట్లో నీళ్లూరతాయి. పాఠ్యపుస్తకం పైకి చదివిస్తే త్వరగా అలవాటవుతుంది. వేణ్నీళ్లతో కడిగితే ప్లేట్ వంకరపోతుంది, చన్నీళ్లే వాడండి. తీసినప్పుడు టిష్యూలో చుట్టి పెట్టనివ్వకండి, నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. డబ్బా ఒకటి కొనివ్వండి. ప్లేట్‌ను పళ్లకు పట్టి ఉంచే తీగ కొక్కేలు (క్లాస్పులు) వదులైతే మీరు నొక్కి బిగించొద్దు.

ఇక సందు. ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య చాలామంది పిల్లలకు ఇది సహజం. పైన ఎముకలో దిగడానికి సిద్ధమవుతున్న కోరపళ్లు ముందుపళ్ల వేళ్లను నొక్కుతుంటాయి, అందుకే పళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. కోరపళ్లు దిగాక, 11, 12 ఏళ్లకు, రెండు మిల్లీమీటర్ల లోపు సందు చాలావరకు అదే మూసుకుంటుంది. అంతకంటే ఎక్కువుంటే ఎక్స్‌రే తీయించండి, మధ్యలో అదనపు పన్ను ఇరుక్కుని ఉండొచ్చు. వీడియోల్లో చూసి పళ్లకు రబ్బరు బ్యాండు మాత్రం ఎప్పుడూ వేయకండి. అది జారి చిగురు లోపలికి ఎక్కి, వేరు చుట్టూ ఎముకను తినేస్తుంది. పుచ్చులేని పళ్లు అలా ఊడిపోయిన పిల్లలున్నారు.

మీరు అడగలేదు గానీ, బాబుకు పుచ్చిన పాలపళ్లున్నాయేమో చూడండి. 'ఊడిపోయేవే కదా' అని దవడ పాలపన్ను పీకించేస్తారు. రెండో దవడ పాలపన్ను 10, 12 ఏళ్ల దాకా ఉండాల్సింది. ముందే పోతే, ఆరేళ్లకు దాని వెనక వచ్చిన శాశ్వత దవడ పన్ను ముందుకు జరిగి చోటు మింగేస్తుంది. ఎక్కువ చోటు మొదటి ఆరు నెలల్లోనే పోతుంది. వీలైతే రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించండి. పీకక తప్పకపోతే అదే వారంలో స్పేస్ మెయింటెయినర్ (ఆ చోటు మూసుకుపోకుండా పళ్లకు అతికించే తీగ) గురించి అడగండి. అది వేశాక వేరుశెనగ చిక్కీ, చెరుకు వద్దు, సిమెంటు ఊడుతుంది.

మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తీసి పెట్టుకునే ప్లేట్‌కు దాంతో ఇబ్బంది లేదు. రేపు క్లిప్పులు వేయాల్సి వస్తే మాత్రం ఫ్లోరైడ్ మచ్చలున్న ఎనామిల్ (పంటి పైపొర) మీద బ్రాకెట్లు, అంటే క్లిప్పుల కోసం పళ్లకు అతికించే ముక్కలు, తరచూ ఊడుతుంటాయి, అది డాక్టరుకు ముందే చెప్పండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే తాగడానికే కాక వంటకూ శుద్ధి చేసిన నీళ్లే వాడండి. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లే పళ్ల మీద కనిపిస్తాయి.

ఆర్థోడాంటిక్స్‌లో (వంకర పళ్లు సరిచేసే విభాగం) గానీ పిల్లల దంతవైద్యంలో గానీ ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసినవారికి చూపించండి. నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది, అలాంటి చోట రెండు విభాగాలూ ఒకే ఆవరణలో ఉంటాయి. ప్లేట్ మొదలుపెట్టే ముందు, పెద్దయ్యాక క్లిప్పులు కూడా అవసరమైతే ఆ ఫీజు వేరుగా ఉంటుందా, ప్లేట్ పోతే కొత్తదానికి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. బాబు రాత్రి నోరు తెరిచి గురక పెడుతుంటే, ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి, ఆ రిపోర్టు పట్టుకుని వెళ్లండి.