దాచుకున్న సంతోషానికో పేరు

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. 'అవహిత్థ' అంటే చేతులతో పట్టే ముద్ర అని క్లాసులో చెప్పారట. ఇంట్లో ఉన్న పాత అలంకారశాస్త్రం పుస్తకంలో మాత్రం మనసులోది దాచుకోవడం అని ఉంది. ఏది సరి? అసలు ఈ మాట ఎలా పుట్టింది?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: రెండూ సరైనవేనమ్మా. రెండు అలపద్మ హస్తాలను (విచ్చిన తామరలా వేళ్లు విప్పిన చేతులను) రొమ్ముకెదురుగా పడితే అభినయదర్పణం అనే నాట్యగ్రంథం దాన్ని అవహిత్థ హస్తం అంటుంది. ఆ సంగతి గురువుగారికి వదిలేద్దాం. నాకు రెండోదాని మీదే మోజు.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో (అలలా వచ్చిపోతూ ప్రధాన భావానికి తోడయ్యే చిన్న భావాల్లో) అవహిత్థ ఒకటి. సంస్కృత నిఘంటువు అమరకోశం దీన్ని 'ఆకారగుప్తి' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆకారమంటే ఇక్కడ ఒడ్డూ పొడుగూ కాదు, లోపలి భావం మొహంలోకి తన్నుకొచ్చే తీరు. దాన్ని కప్పేయడమే అవహిత్థ. మాటను 'న బహిః తిష్ఠతి', అంటే బయట నిలవనిది అని పండితులు విడదీస్తారు. మామూలు సూత్రాలకు లొంగలేదు గనక పృషోదరాదుల్లో వేశారు. వ్యాకరణానికి అదొక అటక, ఎక్కడా ఇమడనివన్నీ అక్కడికే! 'అవహితుడు' (శ్రద్ధగా ఉన్నవాడు) అనే మాటతో దీన్ని కలపకండి. అది 'అవధానం' వంశం.

అందరూ చూపే ఉదాహరణ కాళిదాసు కుమారసంభవంలోది. శివుడికి పిల్లనిమ్మని అంగిరసుడు హిమవంతుణ్ణి అడుగుతుంటే, తండ్రి పక్కన తలొంచుకుని 'లీలాకమలపత్రాణి గణయామాస పార్వతీ'. చేతిలో తామర రేకులు లెక్కపెడుతోంది! సిగ్గుతో సంతోషాన్ని అలా దాచుకుందని మన మల్లినాథసూరి వ్యాఖ్య. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరు.

అయితే సిగ్గు ఒక్కటే కారణం కాదు. భయం, ఓటమి, పెద్దరికం, కుటిలత్వం కూడా భరతుడి జాబితాలో ఉన్నాయి. లక్షణాలు మరీ ముచ్చటగా చెప్పాడు: వేరే మాట ఎత్తడం, చూపు తిప్పేయడం, మాట మధ్యలో తెంచేయడం, తెచ్చిపెట్టుకున్న ధైర్యం. శంషాబాద్‌లో కొడుకుని అమెరికా విమానం ఎక్కిస్తూ, సూట్‌కేసు ఎన్ని కిలోలు తూగిందో అందరికీ రెండేసిసార్లు చెప్పే నాన్నలు ఈ నాలుగూ చేసేస్తారు. తెలుగులో 'గుంభనం' దీనికి దగ్గరిదే కానీ, అందులో ఈ తడి లేదని నా అభిప్రాయం.

మీ అమ్మాయికి ఇది అభినయించే పాత్ర వస్తే, ముందు సంతోషం ఒక్క క్షణం కళ్లలో కనబడనిచ్చి ఆ తర్వాతే చూపు దించమనండి. లేకపోతే చూసేవాళ్లకి వట్టి రేకుల లెక్కే మిగులుతుంది.