నా ప్రాజెక్టులో చేసిన స్టాటిస్టిక్స్ టెస్టులో పీ-వాల్యూ అనే అంకె 0.03 వచ్చిందంటే, నా హైపోథెసిస్ (నేను నిరూపించాలనుకున్న మాట) 97 శాతం నిజమైనట్టేనా?

కాదండీ. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. డెఫినిషన్ బట్టీపట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను గానీ, అర్థం మాత్రం మా ఇంట్లో ఇడ్లీల దగ్గర తెలిసింది.

గ్రైండర్ పిండితో వేసిన ఇడ్లీ ఏదో, మిక్సీ పిండితో వేసింది ఏదో నోట్లో పెట్టుకోగానే చెప్పేస్తానని మా నాన్న ఎప్పుడూ అంటుంటారు. అంతా ఉత్తిదే అని అమ్మ. ఒక ఆదివారం తేల్చేద్దామనుకున్నాం. అవే పప్పులు, అదే బియ్యం రవ్వ, ఒకే కుక్కర్లో ఉడికించినవి. 8 ముక్కలు, అందులో 4 గ్రైండర్‌వి, 4 మిక్సీవి. ఆ సంగతి నాన్నకి ముందే చెప్పాం. వరుస ఎలా ఉండాలో అమ్మ వంటింట్లో చీటీలు తీసి పెట్టింది. ఏది ఏదో నాకూ తెలియకుండా పట్టుకెళ్లి ఇచ్చాను, లేకపోతే నా మొహం చూసి కనిపెట్టేస్తారు. నాన్న కళ్లకి తువ్వాలు. "చట్నీ లేకుండా ఇడ్లీ ఏంట్రా?" అని విసుక్కుంటూనే తిన్నారు.

ఈ ఏర్పాటు నా సొంతం కాదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనని మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త అన్నారట. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి 8 కప్పుల పరీక్షనే వివరించాడు.

ఇక్కడ నల్ హైపోథెసిస్, అంటే తెలుగు మీడియం వాళ్ల శూన్య పరికల్పన (ప్రత్యేకత ఏమీ లేదని ముందుగా అనుకుని లెక్క మొదలుపెట్టే మాట), ఏమిటంటే "నాన్నకి తేడా ఏమీ తెలియదు, గుడ్డిగా చెబుతున్నారు". 8 ముక్కల్లోంచి 4 ఎంచడానికి 70 మార్గాలున్నాయి. నాలుగూ సరిపోయేది వాటిలో ఒక్కటే. అంటే గుడ్డిగా చెప్పినా అన్నీ తగిలే అవకాశం 70లో ఒకటి, దాదాపు 1.4 శాతం. నాన్న నాలుగు గ్రైండర్ ముక్కల్లో మూడు పట్టుకున్నారు. మూడు తగిలే మార్గాలు 16, అంతకంటే మెరుగైనది ఇంకొకటి, మొత్తం 17. 17ని 70తో భాగిస్తే 0.24. పీ-వాల్యూ అంటే అంతే: గుడ్డిగా చెప్పినా ఈ మాత్రమో, ఇంతకంటే మెరుగ్గానో వచ్చే అవకాశం.

ఇప్పుడు మీ 97 శాతం సంగతి. ఈ లెక్కంతా "గుడ్డిగా చెబుతున్నారు" అన్నదాన్ని నిజమనుకుని మొదలుపెట్టినది. నిజమనుకున్నదే ఎంత శాతం నిజమో అదే లెక్క ఎలా చెబుతుంది? చిలక జోస్యం చెప్పే చిలకకి ఇదే పరీక్ష పెట్టారనుకోండి. అది నాలుగూ సరిగ్గా తీస్తే పీ-వాల్యూ అదే 0.014. చిలకకి ఇడ్లీ రుచి తెలుసని 98.6 శాతం నమ్మేస్తారా? నేనైతే ముందు చీటీలు ఎవరు తీశారని అడుగుతాను.

0.24 రాగానే అమ్మ "ఓడిపోయారు" అంది. అది కూడా తప్పే. నల్‌ని కాదనేంత ఆధారం దొరకలేదు, అంతవరకే. నాన్నకి రుచి తెలియదని తేలలేదు. గుడ్డిగా వచ్చే అవకాశం 5 శాతం కంటే తక్కువైతేనే నల్‌ని కాదనాలని మామూలుగా ఒక గీత పెట్టుకుంటారు, మేమూ అదే పెట్టుకున్నాం. అసలు 8 ముక్కల్లో ఆ గీత దాటాలంటే ఒక్కటి కూడా తప్పకూడదు. నిజంగా తేడా తెలిసినవాళ్లకి కూడా ఒక ముక్క పొరబడితే పని అయిపోయినట్టే. పరీక్షే చిన్నది.

అందుకే మరుసటి ఆదివారం 12 ముక్కలు, ఆరూ ఆరూ. ఇప్పుడు మార్గాలు 924. నాన్న ఆరింటిలో ఐదు పట్టుకున్నారు. అలా రావడానికి 36, ఆరూ తగలడానికి 1, కలిపి 37. అంటే 0.04. గీత దాటేశారు! వారమంతా ఫోన్లో చుట్టాలందరికీ ఇదే కబురు.

అమ్మ మాత్రం వదల్లేదు. "గెలిచేదాకా పెడుతూ పోతే ఎవరైనా గెలుస్తారు" అంది. స్టాటిస్టిక్స్ ఎక్కడా చదవలేదు ఆవిడ, పట్టుకున్నది మాత్రం అసలు పాయింటు. రెండు ఆదివారాల్లో ఏదో ఒకదాంట్లో గుడ్డిగానే గీత దాటే అవకాశం లెక్కేశాను. 5.4 శాతం వచ్చింది. మేం పెట్టుకున్న 5 శాతం కంటే కాస్త ఎక్కువే, అంటే నాన్న గెలుపు కాస్తలో తప్పిపోయింది. ఆ మాట నాన్నకి ఇంకా చెప్పలేదు.

కాబట్టి మీ ప్రాజెక్టులో ఆ 0.03 మొదటిసారికే వచ్చిందా, లేక గ్రూపులు మార్చి, కొన్ని శాంపిళ్లు తీసేసి, నాలుగైదు టెస్టులు చేశాక వచ్చిందా? అది కామెంట్లో రాయండి. అది తెలియకుండా ఆ అంకెకి ఎంత విలువ ఇవ్వాలో నేను చెప్పలేను.