డేవిడ్ ఓయిస్ట్రాఖ్: కచేరీలూ పాఠాలూ

కచేరీలు చేస్తూనే గొప్ప గురువు అనిపించుకున్న ఉక్రెయిన్ వయొలిన్ విద్వాంసుడు ఎవరని అడిగారు. నాకు మొదట గుర్తొచ్చేది డేవిడ్ ఓయిస్ట్రాఖ్. 1908లో ఒడెస్సాలో పుట్టారు. ఐదో ఏట స్తొల్యార్స్కీ మాస్టారి దగ్గర చేరి, 1926లో అక్కడి కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) చదువు ముగించి, తర్వాత మాస్కో వెళ్లారు. 1937లో బ్రస్సెల్స్ వయొలిన్ పోటీలో మొదటి బహుమతి రావడంతో ప్రపంచానికి తెలిశారు.

నాకు బాగా ఇష్టమైన సంగతి 1955 నాటిది. స్టాలిన్ కాలంలో బయటపెట్టలేక సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ ఏళ్ల తరబడి దాచుకున్న మొదటి వయొలిన్ కన్సర్టోను (వాద్యబృందంతో కలిసి ఒక్క వయొలిన్ ప్రధానంగా వాయించే పెద్ద రచనను) లెనిన్‌గ్రాడ్‌లో తొలిసారి వాయించింది ఈయనే. అందులో వాద్యబృందం ఆగిపోయి, వయొలిన్ ఒక్కటే చాలాసేపు మోగుతుంది. అది అయీ అవగానే చివరి భాగాన్ని కూడా వయొలినే అందుకోవాలని షొస్తకోవిచ్ మొదట రాశారు. కనీసం నుదుటి చెమట తుడుచుకునే వ్యవధి ఇవ్వమని ఓయిస్ట్రాఖ్ అడిగారు. షొస్తకోవిచ్ వెంటనే ఒప్పుకుని చివరి భాగం మొదలును వాద్యబృందానికి ఇచ్చేశారు. చేత్తో వాయించేవాడికే తెలిసే కష్టం అది!

మాస్కో కన్సర్వేటరీలో 1934 నుంచే పాఠాలు చెప్పారు. పేరున్న వయొలినిస్టు గిడాన్ క్రెమర్ ఆయన శిష్యుడే, కొడుకు ఇగోర్ కూడా. 1974లో ఆమ్‌స్టర్‌డామ్‌కు కచేరీల కోసం వెళ్లి, అక్కడే కన్నుమూశారు.